గాలి సోకని గది

మా అల్లుడు వరప్రసాదం బాపట్లలో ఎండ కొలిచే ఉద్యోగం చేస్తాడు. సంబంధం వచ్చినప్పుడు ఆ మాట విని నేను నవ్వాను, ఎండని కొలిస్తే ఎవరైనా జీతమిస్తారా అని. ఖాళీ మైదానం మధ్యలో నాలుగు కాళ్ళ మీద తెల్లరంగు చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. దాని గోడలకి గాలి ఆడేటట్టు ఏటవాలు పలకలుంటాయి. పొద్దున ఎనిమిదిన్నరకీ సాయంత్రం అయిదున్నరకీ పెట్టె తెరిచి లోపలి థర్మామీటర్లు చూసి పుస్తకంలో రాయాలి. వానొచ్చినా పండగొచ్చినా ఎవరో ఒకరు వెళ్ళి రాయాల్సిందే. నెమ్మదైన మనిషి. అతను గొంతు పెంచగా నేను ఒక్కసారే విన్నాను, అదీ నా మీదే.

ఆ సంగతే రాస్తున్నాను. నేను ఎనిమిదో క్లాసు చదివాను. ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసిన దాన్ని కాదు.

మాది తెనాలి. నేను పుట్టింది మాత్రం అడవులదీవిలో. డెబ్భై ఏడు ఉప్పెన నాటికి రెండో కాన్పుకని పుట్టింట్లోనే ఉన్నాను. బిడ్డ పుట్టి పన్నెండో రోజు. తాటాకు కప్పు లేచిపోతే, వాణ్ణి పొట్ట కింద పెట్టుకుని వానలో బోర్లా పడుకున్నాను. నీళ్ళు తీశాక చూస్తే వాడు బతికే ఉన్నాడు. మూడో నాడు పోయాడు. డాక్టరు ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు గానీ మా అమ్మ మాత్రం "పచ్చి బాలింతకీ పసిబిడ్డకీ గాలి సోకింది" అంది. నాకు అమ్మ మాటే నిలిచిపోయింది. అప్పటికి మూడేళ్ళ కరుణ ఒక్కతే మాకు మిగిలింది. దానికి తుమ్ము వచ్చినా నేను లేచి తలుపులు బిగించేదాన్ని.

మా ఆయన యేసుదాసు గారికి తెనాలిలో స్కూల్లో గుమాస్తా పని దొరికాక, ఎనభై ఒకటిలో ఊరి చివర చిన్న పెంకుటిల్లు కొన్నాం. తూర్పున వరిపొలం, దక్షిణాన బసవేశ్వరరావు గారి ఖాళీ స్థలం. సాయంత్రం అయిదయ్యేసరికి దక్షిణం నించి గాలి తిరిగేది. దండెం మీది చీరలన్నీ ఒక్కసారి ఉత్తరానికి లేచేవి. సముద్రం మీంచి వస్తోందని మా ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని చొక్కా విప్పి కూర్చునేవారు. నేను కరుణ చెవులకి గుడ్డ కట్టేదాన్ని.

తర్వాత ఊరు మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. పొలంలో మెరక తోలి ప్లాట్లు వేశారు. పడమటి వైపు పెళ్ళిళ్ళ హాలు లేచింది. బసవేశ్వరరావు గారు ఎనభై అయిదులో ఇల్లు కట్టి, ఎనభై తొమ్మిదిలో ఒక అంతస్తు, మరో నాలుగేళ్ళకి ఇంకొకటి వేశారు. తొంభై తుపానుకి మా పెంకులు సగం పగిలాయి. మా ఆయన ప్రాణం తోడేసి ఆ ఇల్లు పీకించి స్లాబు వేయించింది నేనే. వేసేటప్పుడు దక్షిణం కిటికీ చిన్నది చేయించిందీ నేనే. బసవేశ్వరరావు గారి గోడకీ మా గోడకీ మధ్య సందులో పక్కకి తిరిగి నడవాలి.

"ఇంక ఏ తుపానొచ్చినా మనకి తగలదు. నాలుగు వైపులా మేడలే అడ్డం," అన్నాను.

"తుపాను మాటేమో గానీ కమలా, గాలి తగిలి ఎన్నాళ్ళయిందో చూశావా," అన్నారు మా ఆయన.

నిజమే, చీరలు దండెం మీద వేలాడినవి వేలాడినట్టే ఉండేవి. పొద్దుగూకాక గోడ మీద చెయ్యి పెడితే చూలుగేదె పొట్టలా వెచ్చగా తగిలేది. అది మంచిదే అనుకున్నాను. చలికాలంలో ఆ పసివాడు గుర్తొచ్చేవాడు, ఈ గోడలు అప్పుడుంటే బతికేవాడని.

తొంభై ఎనిమిదిలో కరుణకి మొదటి కాన్పు. బాపట్లలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. మే నెల మొదటి వారంలో పురుడు వస్తుందన్నారు. ఏప్రిల్లో తీసుకొద్దామని వెళితే వరప్రసాదం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, ఈ ఒక్కసారికి పురుడు ఇక్కడే పోసుకోనివ్వండి. మీరే వచ్చి ఉండండి. మా ఇల్లు సూర్యలంక రోడ్డులో, చుట్టూ ఏమీ లేవు. సాయంత్రమైతే గాలొస్తుంది."

"అందుకే వద్దంటున్నా బాబూ."

"మీ వీధి ఈ నెలలో కొలిమండీ. అక్కడ గోడలన్నీ పగలల్లా ఎండ తాగుతాయి. పొద్దుగూకాక ఎదురూ బొదురూ ఒకదాని మీదొకటి ఆ వేడి కక్కుతాయి. అది పైకి పోవడానికి ఆకాశం కనిపించదు, పక్కకి తోలడానికి గాలి లేదు."

"గోడలు తాగడమేంటి, కక్కడమేంటి," అన్నాను. "మొదటి పురుడు పుట్టింట్లోనే. తెనాలిలో డాక్టర్లున్నారు. ఇక్కడ నడిరేయి నొప్పులొస్తే మీ తెల్లపెట్టె వచ్చి పురుడు పోస్తుందా?"

కరుణ పకపకా నవ్వింది. "వదిలెయ్యండి, మా అమ్మ గెలిచిందాకా ఊరుకోదు," అంది. అతను కరుణ బట్టల పెట్టె రిక్షాలో పెట్టాడు.

నర్సింగ్ హోములో సుఖంగానే పురుడొచ్చింది. ఆడపిల్ల. మూడో రోజున ఇంటికి తెచ్చి దక్షిణపు గదిలో పెట్టాను. ఎలా చూడాలో నాకు తెలుసు. కిటికీ మూసి సందుల్లో గుడ్డలు కుక్కాను. ఫ్యాను స్విచ్చి మీద కాగితం అంటించాను. కరుణ చెవుల్లో దూది, తలకి తువ్వాలు, కాళ్ళకి మేజోళ్ళు. మంచం కింద పూటకోసారి కుంపటి, దాని మీద సాంబ్రాణి. తినడానికి పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. నీళ్ళు కాచి చల్లార్చినవి చెంచాలతో. బాలింత కడుపునిండా నీళ్ళు తాగితే ఒళ్ళు నీరుపడుతుంది, సన్నిపాతం కమ్ముతుంది అని మా అమ్మ చెప్పేది. మా అమ్మ తొమ్మిది పురుళ్ళు ఇలాగే పోసుకుంది.

"ఇడ్లీపాత్రలో పెట్టి మూతేశావు," అనేది కరుణ. "ఉడికానో లేదో పుల్ల గుచ్చి చూసి దించెయ్యమ్మా."

దక్షిణం మేడలోని సుబ్బాయమ్మ గారు, బసవేశ్వరరావు గారి భార్య, చూడటానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటి వదినగారూ, అమ్మాయిని మావిడికాయల్లాగా పండబెడుతున్నారా?"

"మీ కోడలికి చెయ్యలేదా మీరు?"

"చేశాం. సంక్రాంతి నెలలో చేశాం. ఈ మంటల్లో కాదు."

ఆదివారం వరప్రసాదం వచ్చాడు. సంచిలోంచి థర్మామీటరు ఒకటి తీశాడు, జానెడు పొడుగు చెక్కకి బిగించింది. ముందు బయట వీధిలో నీడన పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మేడమెట్ల కింద. చివరికి గదిలో మేకుకి తగిలించి, వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు.

"వచ్చేటప్పుడు చుండూరులో బండి ఆగితే దిగి, పొలం గట్టున చెట్టు కింద పెట్టి చూశా," అన్నాడు కరుణతో. "బండిలో అందరూ పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు."

"వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేముంది," అంది కరుణ.

అతను నవ్వలేదు. నన్ను పిలిచాడు. "అత్తయ్యగారూ, ఇటు చూడండి. మధ్యాహ్నం అయితే ఇక్కడికీ చుండూరుకీ పెద్ద తేడా ఉండదు. ఇప్పుడు ఏడు దాటింది. అక్కడ పొలంలో ముప్పై నాలుగు ఉంది. మీ వీధిలో ముప్పై ఎనిమిది. ఈ గదిలో నలభై ఒకటి. తెల్లారేదాకా ఇది దిగదు. దిగకుండానే మళ్ళీ ఎండెక్కుతుంది. రేపు దీని మీద మొదలవుతుంది, ఎల్లుండి దాని మీద."

"పెద్దవాళ్ళు తెలీకనే చెప్పారా బాబూ?"

"పెద్దవాళ్ళ గోడలు మట్టివండి. కప్పు తాటాకు. కిటికీలు మూసినా సందుల్లోంచి గాలాడేది. ఆ ఇంట్లో ఈ పథ్యం సరిపోయింది."

లేచి కిటికీ తెరిచాడు. ఎదురుగా చేతికందే దూరంలో సుబ్బాయమ్మ గారి సిమెంటు గోడ. అందులోంచి సెగ మొహానికి కొట్టింది. అయినా తెరిచే ఉంచమన్నాడు, ఫ్యాను వెయ్యమన్నాడు, అడిగినన్ని నీళ్ళిమ్మన్నాడు. సరే బాబూ అన్నాను. ఇప్పుడే బాపట్ల తీసుకెళతానంటే, తొమ్మిదో రోజు బాలింతని రైలెక్కించడమేంటి అని ఏడ్చాను. మా ఆయన మధ్యలో పడి, పదిహేనో రోజు దాటాక పంపిద్దాం అన్నారు. అతను స్టేషనుకి వెళ్ళాక కిటికీ మూశాను. ఆ గాజుగొట్టంలో ఎర్రగీత చూడలేక, దాన్ని తీసి బీరువా వెనక పెట్టాను.

బుధవారం మా ఆయన పొద్దున బండికి రేపల్లె వెళ్ళారు. అక్కడ మా ఆడపడుచు బాలింతలకిచ్చే కాయం బాగా చేస్తుంది, తెమ్మని నేనే పంపాను. పది గంటలకి కరెంటు పోయింది. ఆ రోజు పొద్దుటినించీ పడమటి గాలి. వీధిలోకి అడుగుపెడితే కళ్ళు మండాయి.

"అమ్మా, నీళ్ళు."

"ఇందాకే తాగావుగా."

"రెండు చెంచాలు."

"బాలింతకి అంతే. మా అమ్మ నాకు అదీ ఇవ్వలేదు."

"గ్లాసుడు ఇవ్వమ్మా. ఒక్కటే."

ఇంకో చెంచా పోశాను. పొద్దుటినించి మధ్యాహ్నం రెండింటి లోపల ఏడుసార్లు అడిగింది. నేను లెక్కపెట్టలేదని చెప్పను. అడిగినప్పుడల్లా నాకు ఉప్పెన నాటి పసివాడే కనిపించాడు. ఇది కూడా పోతుందేమో, నేను ఒక్క నిమిషం మెత్తబడితే పోతుందేమో అనిపించింది. పాలు సరిగ్గా రాక పాప గుక్కపట్టి ఏడుస్తుంటే సుబ్బాయమ్మ గారు వచ్చి, "ఇటివ్వండి, మా కింద గదిలో గచ్చు చల్లగా ఉంది," అని తీసుకెళ్ళింది. పాపని ఇచ్చాను. పోనీ తల్లిని కూడా పంపమంది. తల్లిని ఇవ్వలేదు.

మూడింటికి కరుణ అడగడం మానేసింది. నిద్రపోతోందనుకున్నాను. నాలుగింటికి తాకితే ఒళ్ళు పెనంలా ఉంది. చెమట లేదు. చెమట ఆగింది, చలిజ్వరం, సన్నిపాతమే అనుకుని రగ్గు కప్పాను. కుంపటిలో ఇంకో రెండు బొగ్గులు వేశాను. అప్పుడు కరుణ కళ్ళు తెరవకుండానే క్లాసులో హాజరు పిలవడం మొదలుపెట్టింది. "ఆదాము. మోషే. వెంకటరత్నం. వెంకటరత్నం రాలేదా?" నేను మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేశాను. దేవుణ్ణి పిలిచాను గానీ పక్కింటి మనిషిని పిలవలేదు.

అయిదు దాటాక వరప్రసాదం వచ్చాడు. ఆ రోజు బాపట్లకే సముద్రపు గాలి తిరగలేదట. మధ్యాహ్నం పెట్టె తెరిచి చూసి, సాయంత్రం లెక్క ఇంకొకరికి అప్పజెప్పి బండెక్కాడట. గదిలోకి వచ్చి, మంచం కింద కుంపటి చూశాడు, రగ్గు లాగి పారేశాడు, దాని నుదుటి మీద చెయ్యి పెట్టి వెంటనే తీశాడు.

"ఎప్పటినించి ఇలా ఉంది?"

"జ్వరం బాబూ. ఇప్పుడే."

"జ్వరం కాదిది, ఎండదెబ్బ. ఒళ్ళు చల్లబడాలి. నీళ్ళు తెండి, బిందెతో తెండి."

"బాలింత మీద చన్నీళ్ళా? చచ్చిపోతుంది."

"అత్తయ్యగారూ, లేవండి. బయటికి మోసుకెళ్ళాలి."

నేను లేవలేదు. కరుణ మీద పడి రెండు చేతులూ మంచం పట్టెల కింద నించి దూర్చి పట్టుకున్నాను. నా బిడ్డని నా పొట్ట కింద పెట్టుకున్నాను. దాని వేడి నా రవికెలోంచి కాలుతోంది. "నా పిల్లని చంపకండి," అంటున్నాను, అంటూనే ఉన్నాను.

"తప్పుకోండి," అని అరిచాడు. ఆ ఒక్కసారే.

అల్లుడు అత్తగారి ఒంటి మీద చెయ్యి వెయ్యడు. మాలో అది ఎంత కోపమొచ్చినా జరగని పని. అతని చేతులు నా భుజాల దాకా వచ్చి ఆగిపోయాయి. రెండుసార్లు వచ్చాయి, రెండుసార్లూ ఆగాయి. నాకది తెలుసు. తెలిసే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. చివరికి అతను వీధిలోకి పరిగెత్తి సుబ్బాయమ్మ గారి తలుపు బాదాడు. ఆమె మేడ మీద గిన్నెలు తోముకుంటోంది, వినపడలేదు. వినపడి దిగి వచ్చి, నా జుట్టు పట్టుకుని లాగి గోడకి తోసేసరికి పావుగంట అయింది. గోడ నా వీపుకి చురుక్కుమంది.

వీధి కుళాయి దగ్గర పడుకోబెట్టి బిందెలు కుమ్మరించారు. బసవేశ్వరరావు గారు సోడా కొట్టు నించి ఐసు దిమ్మ గోనెసంచిలో తెచ్చారు. కరుణ చంకల్లోనూ మెడకిందా ఐసు ముక్కలు పెట్టారు. అది ఒక్కసారి ఎగిరిపడి, కొయ్యబారిపోయింది. ఆటోలో వేసుకుని హాస్పిటల్‌కి వెళ్ళాం.

డాక్టరు వయసులో చిన్నవాడు. రాసుకుంటూ అడిగాడు. "పొద్దుటినించి నీళ్ళు తాగిందామ్మా? అడిగిందా?"

వరప్రసాదం నా పక్కనే తడి తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లేదండి. దాహం లేదందండి."

డాక్టరు అది కూడా రాసుకున్నాడు.

కరుణ బతికింది. ఆరో రోజున కళ్ళు తెరిచింది. అందరూ దేవుడి దయ అన్నారు. నెల తిరిగాక గుంటూరులో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళితే, ఆ వేడికి మెదడు వెనక భాగం దెబ్బతిందన్నాడు. ఇంత కంటే బాగుపడకపోవచ్చన్నాడు. నడిస్తే తూలుతుంది. చెయ్యి ముందుకి చాపితే వణుకుతుంది, గ్లాసు పట్టుకుంటే సగం ఒలుకుతుంది. పాపని నేల మీద కూర్చుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఎవరైనా ఉంటేనే ఎత్తుకుంటుంది. మాట ముద్దగా వస్తుంది. ఉద్యోగం పోయింది.

పాపని చూసుకోవడానికి నేను బాపట్లలో ఉండిపోయాను. కరుణ మాటలు నాకొక్కదానికే అర్థమయ్యేవి. మాటలు రాని వయసులోనూ అది ఏం అడిగేదో నాకే తెలిసేది. వరప్రసాదం వంగి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, తర్వాత నా వైపు చూసేవాడు. అన్నం చాలంటోంది బాబూ, లైటు తియ్యమంటోంది బాబూ అని నేను చెప్పేదాన్ని. అలా చెబుతూ నేను వాళ్ళ మధ్య కూర్చున్నాను.

అతను నన్ను ఒక్క మాట అనలేదు. తననే తిట్టుకునేవాడు. "ఆదివారమే తీసుకొచ్చెయ్యాల్సింది అత్తయ్యగారూ. ఆ రోజు నలభై ఒకటి చూసి కూడా బండెక్కి వచ్చేశాను," అని. భోజనం దగ్గర కూడా అదే. మనిషి చిక్కిపోయాడు. ఎనిమిదిన్నర లెక్క రెండుసార్లు తప్పు రాశాడని పైవాళ్ళు కాగితం ఇచ్చారు. పోనీలెండి బాబూ, మీ తప్పేముంది అని నేను పప్పు వడ్డించేదాన్ని.

సెప్టెంబరులో ఒక సాయంత్రం పని నించి వచ్చి, అరుగు మీద కరుణ పక్కన కూర్చున్నాడు. వాన వెలిసింది. పాప నా ఒళ్ళో ఉంది. కరుణతో నెమ్మదిగా అన్నాడు.

"దాహం కూడా తెలియలేదంటే అప్పటికే నీకు ముదిరిపోయిందన్నమాట. ముందురోజే మొదలైందేమో. నేను ఒక్కరోజు ముందు రావాల్సింది."

కరుణ తల తిప్పి అతన్ని చూసింది. పెదాలు కూడదీసుకోవడానికి దానికి కాస్త టైము పడుతుంది. తర్వాత మాట్లాడింది, పొడుగ్గా, మధ్యమధ్య ఆగుతూ. అతను వంగి విన్నాడు. రెండోసారి కూడా చెప్పించుకున్నాడు. అర్థం కాలేదు.

"ఏంటంటోంది అత్తయ్యగారూ?"

పాపకి పాలవేళైందంటోంది అనొచ్చు. చలిగా ఉంది, లోపలికి వెళదామంటోంది అనొచ్చు. కరుణ నన్నే చూస్తోంది. నేను ఏమి చెప్పినా అది కాదనలేదు, కాదన్నా అతనికి అర్థం కాదు.

"నాకు దాహం వేసిందంటోంది," అన్నాను. "పొద్దుటినించి నీళ్ళడిగానంటోంది. అమ్మ ఇవ్వలేదంటోంది."

అతను నా వైపు తిరిగాడు.

"ఏడుసార్లు అడిగింది బాబూ. ఆ మాట అది అనలేదు. నేనే చెబుతున్నా. డాక్టరుతో అబద్ధం చెప్పాను."

కరుణ కళ్ళు మూసుకుంది. వరప్రసాదం లేచి వచ్చి నా ఒళ్ళోంచి పాపని తీసుకున్నాడు. తీసుకునేటప్పుడు నా చెయ్యి తగలకుండా జాగ్రత్తగా తీసుకున్నాడు. లోపలికి వెళ్ళి దీపం వేసి, ఇంకెప్పటికో బయటికొచ్చి, "రేపు పొద్దున తెనాలి బండికి మిమ్మల్ని నేనే ఎక్కిస్తానండీ," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

స్టేషనులో నా సంచి పైన పెట్టి, కిటికీ పక్కన చోటు చూపించి, బండి కదిలేదాకా నిలబడ్డాడు.

ఇప్పుడు కరుణకి పలక ఇచ్చాడట. వణికే చేత్తో అది రాసింది కొన్నిసార్లు చదవడానికి వస్తుందట, కొన్నిసార్లు రాదట. రానప్పుడు అతను చెరిపి, మళ్ళీ రాయమని చేతికిస్తాడట. మా ఆయన నెలకోసారి వెళ్ళి చూసొచ్చి ఇవన్నీ చెబుతారు. నన్ను రావద్దని వాళ్ళు అనలేదు. రమ్మని కూడా అనలేదు.